హైదరాబాదు వైద్యులు ఎడ్వర్డ్ లారీగారు

వేసవి సెలవులకు ముందొకనాటి ఉదయమున మా పాఠశాల ఆవరణమున బాలురు వరుసలు తీరి ప్రార్థనకు నిలిచియుండగా, ఏడవ తరగతి బాలుడొకడు ముఖము పాలిపోయి, చెమటలు పోసి, నిలిచినచోటనే కూలిపోయెను. ప్రక్కవారు దయగల బాలురే గనుక వాని చంకలక్రింద చేతులు వేసి లేవనెత్తి కూర్చుండబెట్ట జూచిరి. మేము వారిని వారించి, వానిని నేలమీద వెల్లకిల పరుండబెట్టి, కాళ్లు రెండును ఒక బల్లపై నుంచితిమి. నిమిషమైనను గడవకమునుపే వాని పెదవులకు రంగు తిరిగివచ్చెను. ఉదయము ఏమియు తినక రెండుమైళ్లు ఎండలో నడచివచ్చిన బాలుడని పిమ్మట తెలిసినది.

ఆనాడు తరగతిలో మాకు వేరు పాఠము సాగలేదు. కూలిన వానిని లేవదీయుట తప్పెట్లగునని బాలురు అడిగిరి. వాని గుండె ఆగలేదు, ఊపిరియు ఆగలేదు, మెదడునకు ఎక్కవలసిన రక్తము కొన్ని క్షణములు ఎక్కకపోయెను, ప్రాణవాయువును మోసికొనిపోవునది ఆ రక్తమే గనుక మెదడు తన పని మానుకొనెను, అంతియే యని చెప్పితిమి. మనిషి పడిపోవుట కొంతవరకు మేలే. పడుకొన్న వాని మెదడునకు రక్తము సులభముగా చేరును. ఇదంతయు ఎవరు, ఎట్లు కనుగొనిరని వెనుకబల్ల బాలుడొకడు మరల అడిగెను. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము చెప్పవలెనన్న అనేక దేశములు తిరుగవలెను. కాని అందులో ఒక ముఖ్యమైన ఘట్టము మన హైదరాబాదులోనే జరిగినది. దానికి నాయకుడు ఎడ్వర్డ్ లారీ అను స్కాట్లండు విద్య నేర్చిన వైద్యుడు. ఈ పేరు వినగానే మా బాలురు, మధిర బాటమీద మిరపబస్తాలు మోయు లారీ కాబోలునని పకపక నవ్విరి. ఆ నవ్వు చల్లారిన పిమ్మట చెప్పిన సంగతులనే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

లారీగారు 1846వ సంవత్సరమున జన్మించిరి. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించిరి. ఆ నగరమునకును ఆయన జీవితమునకును విడదీయరాని సంబంధము కలదు. ఏలయన 1847 నవంబరులో క్లోరోఫారము అను ద్రవపు ఆవిరిని పీల్చినచో మనుష్యునకు నొప్పి తెలియని గాఢనిద్ర పట్టునని జేమ్సు సింప్సనుగారు కనుగొన్నది ఆ యెడింబరోలోనే. అంతకుముందు కాలు కోయవలసిన రోగిని నలుగురు బలాఢ్యులు అదిమిపట్టుకొనెడివారు. ఎంత నేర్పరియైన వైద్యునకైనను వేగమే ముఖ్యము, నెమ్మదికి తావులేదు. క్లోరోఫారము రాగానే శస్త్రచికిత్స రూపమే మారిపోయెను.

అయితే మూడుమాసములైనను గడవకమునుపే ఒక అపాయము సంభవించెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో న్యూకాసిలు నగర సమీపమున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి, మూడు నిమిషములలో మరణించెను. గోరుకొరకు పోయిన బాలిక ప్రాణము పోగొట్టుకొన్నది. ఆమెను చంపినదేమి అను ప్రశ్నపై వైద్యులు రెండు పక్షములైరి. లండను వైద్యులలో అనేకులు క్లోరోఫారము గుండెను తాకి చంపునని తలచి, మత్తిచ్చునపుడు చేతినాడి పట్టుకొని చూడవలెననిరి. ఎడింబరోవారు ఊపిరియే ముఖ్యము, ఊపిరి సరిగా సాగుచున్నంతవరకు భయము లేదు, నాడివైపు చూచువాడు ఊపిరివైపు చూడడు అనిరి. ఈ రెండవ పక్షమునకు పెద్ద జేమ్సు సైముగారు. శస్త్రవైద్యమున అంతటి హస్తకౌశలము గలవారు ఆ దినములలో అరుదు. ప్రసిద్ధుడగు లిస్టరుగారు ఆయన అల్లుడే. లారీగారు ఆ సైముగారి శిష్యుడు. యౌవనమున గురువు నేర్పిన ఆ నియమమును ఆయన కడవరకు విడువలేదు. ఆయన గొప్పతనమునకును, ఆయన పొరపాటునకును మూలము ఇక్కడనే యున్నదని మాకు తోచుచున్నది.

ఇండియా వైద్యోద్యోగమున చేరి, లాహోరు వైద్యపాఠశాలలో కొంతకాలము శస్త్రచికిత్స బోధించి, 1885లో లారీగారు హైదరాబాదు రెసిడెన్సీ వైద్యులుగా వచ్చిరి. అప్పుడు నిజాము మీర్ మహబూబ్ ఆలీఖానుగారు. 1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్యపాఠశాలయు, అఫ్జలుగంజు ఆసుపత్రియు ఆయన చేతిక్రిందికి వచ్చినవి. పాఠశాల స్థాపింపబడినదియు ఆయన పుట్టినదియు ఒకే సంవత్సరమగుట ఒక వింత. ఉర్దూలో సాగుచుండిన వైద్యబోధనను ఆయన ఆంగ్లమునకు మార్చిరి. స్త్రీలను సైతము చేర్చుకొనిరి. అట్లు చేరినవారిలో రూపాబాయి ఫర్దూంజీ అను పారసీక యువతి మత్తుమందు ఇచ్చుటలో నేర్పు సంపాదించి, లోకమున ఆ వృత్తి నవలంబించిన తొలి స్త్రీలలో ఒకతెగా పేరొందినది. ఆడపిల్లను ఉన్నతపాఠశాలకే పంపుటకు తండ్రులు వెనుదీయు దినములవి. తమ కుమార్తెలను పదవ తరగతితో చాలించ నెంచు తలిదండ్రులు ఈ వాక్యమును రెండుసారులు చదువుదురుగాక.

లారీగారి పద్ధతి చూచుటకు అతి సులభము. బిరుసైన గుడ్డతో గరాటువలె ఒక టోపీ చేసి, అందు దూదియుంచి, దానిపై క్లోరోఫారము పోసి, గాలి ధారాళముగా ఆడునట్లు రోగి ముఖముచెంత పట్టుదురు. మత్తిచ్చువాని కన్నులు రోగి రొమ్ముమీదను పొట్టమీదను నిలిచియుండవలెను. ఊపిరి తడబడినను, రోగి పెనుగులాడి ఊపిరి బిగబట్టినను, వెంటనే టోపీ తీసివేయవలెను. చేతినాడి పట్టుకొనరాదు. ఈ తీరున ఆయనయు ఆయన శిష్యులును వేలకొలది రోగులకు మత్తిచ్చిరి. శిష్యులకు ఆయన నేర్పిన జాగ్రత్త నిజముగా మెచ్చదగినది. ఒకడు కత్తి పట్టుచుండగా వేరొకడు, మరి దేనిని చూడక, రోగి ఊపిరినే చూచుట అను క్రమశిక్షణ నాడు అనేక ఆసుపత్రులలో లేదు.

ఆ కాలముననే గ్లాస్గో నగరమందలి ఒక వైద్యసంఘము కుక్కలపై పరీక్షలు చేసి, క్లోరోఫారము గుండెను నేరుగా బలహీనపరచునని 1880 ప్రాంతమున ప్రకటించియుండెను. గురువు బోధ అబద్ధమగునా యని లారీగారికి పట్టుదల కలిగెను. నిజాము ప్రభుత్వమువారి ధనసహాయముతో 1888లో హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడి, నూటికి పైబడిన కుక్కలపై పరీక్షలు జరిపి, ఊపిరి ఆగిన పిమ్మటనే గుండె ఆగునని తేల్చెను. లండనులోని లాన్సెటు పత్రికవారు ఈ నిర్ణయమును నమ్మలేదు. అంతట నిజాముగారు వేయి పౌనులు ఆ పత్రికకు పంపి, మీకు నమ్మకమైన పండితుని మీరే పంపుడు, ఆయన కన్నులయెదుట పరీక్షలు మరల జరుగును అని కబురంపిరి. మా యెరుకలో ఒక దేశీయ ప్రభువు లండను పత్రికను ఇట్లు పరీక్షకు పిలిచిన సందర్భము మరియొకటి లేదు.

లాన్సెటువారు పంపినది లాడరు బ్రంటనుగారిని. మందుల గుణములను పరిశోధించుటలో ఆయన నాడు ఇంగ్లండున అగ్రగణ్యుడు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైటు అను మందును కనుగొని యౌవనముననే కీర్తి గాంచినవాడు. క్లోరోఫారము గుండెను ఆపి చంపవచ్చునని నమ్మి వచ్చినవాడు. 1889 శరత్కాలమున హైదరాబాదులో రెండవ కమిషను కూర్చుండెను. సికందరాబాదునుండి వరంగల్లు, డోర్నకలు, మన మధిరల మీదుగా బెజవాడకు రైలుమార్గము నడచినదియు ఆ 1889లోనే యని మా బాలురు జ్ఞాపకముంచుకొనదగును. బ్రంటనుగారు డిసెంబరులో లండనుకు తంతి పంపిరి. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 ప్రాణులపై పరీక్షలు జరిగెననియు, అందు 120 పరీక్షలలో రక్తపుపోటును యంత్రముతో కొలిచితిమనియు, క్లోరోఫారమువలన గల అపాయము ఊపిరాడకపోవుటయో మందు మితిమీరుటయో గాని గుండెకు నేరుగా తగులునది కాదనియు దాని సారాంశము. సందేహించుచు వచ్చినవాడు లారీగారి పక్షమున చేరిపోయెను. లారీగారి జీవితమున అంతటి సంతోషదినము వేరొకటి లేదని మేమూహించుచున్నాము.

ఇక ఆ యంత్రమును గూర్చి రెండుమాటలు చెప్పక తీరదు. రక్తపుపోటును మొట్టమొదట కొలిచినవాడు స్టీఫెను హేల్సు అను ఇంగ్లీషు పాదిరి. ఆయన ఒక ఆడుగుఱ్ఱమును కట్టి పరుండబెట్టి, తొడలోని ధమనియందు ఇత్తడిగొట్టము దూర్చి, దానికి పొడవైన గాజుగొట్టము నిలువుగా తగిలించెను. రక్తము ఆ గొట్టమున 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకెక్కి గుండె కొట్టుకొనుకొలది పైకి క్రిందికి ఆడెను. అంతటితో ఆగక ఆయన కొలతప్రకారము రక్తమును కొంచెము కొంచెముగా తీసి, ప్రతిసారియు గొట్టములో రక్తమెంత ఎత్తున నిలిచినదో వ్రాసికొనుచు గుఱ్ఱము చచ్చువరకు చూచెను. ఈ వృత్తాంతము 1733లో ప్రకటింపబడినది. రక్తము కోల్పోవు ప్రాణి శరీరములో ఏమి జరుగునని కొలతపెట్టి చూచిన తొలి పరీక్ష ఇదే. తరువాత నూరేండ్లు దాటి జర్మనీలో లుడ్విగ్గుగారు గాజుగొట్టమునకు బదులు పాదరసము నింపిన వంకరగొట్టము పెట్టి, పాదరసముపై తేలు ములుకు తిరుగుచున్న మసిపట్టిన డబ్బాపై గీతలు గీయునట్లు చేసిరి. హైదరాబాదులో ఉపయోగించినది ఈ జాతి యంత్రమే. కుక్క మెడలోని ధమనిలో పోటెంత, ఊపిరి ఎప్పుడాగెను, గుండె ఎప్పుడాగెను అను మూడింటిని ఆ గీతలు చెప్పెను.

ఆ గీతలు ఒక విషయము స్పష్టముగా చూపినవి. క్లోరోఫారము ఎక్కుకొలది రక్తపుపోటు పడిపోవుచుండెను. ఇది ఎవరును కాదనలేదు. అయితే ఈ పడిపోవుట కీడా, మేలా? కమిషనువారు మేలేయనిరి. పోటు తగ్గినచో రక్తము మెల్లగా పారును, అప్పుడు మెదడునకు చేరు క్లోరోఫారము తగ్గును, కావున ఇది ప్రకృతి ఏర్పరచిన రక్షణ యని వారి వాదము. వినుటకు ఇంపుగానే యున్నది. కాని చదువరులారా, మెదడునకు విషమును మోయు ఏరే ప్రాణవాయువునుకూడ మోయుచున్నది. ఏరు సన్నగిల్లినచో రెండును సన్నగిల్లును. ఈ రెండవ సగమునకు వారు తగిన బరువీయలేదు.

మా ప్రాంతపు రైతుబిడ్డలకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. సాగరు ఎడమకాలువ తూమువద్ద కొలబద్దపై నీరెంత యెత్తున నిలిచినదో ఉద్యోగి వ్రాసికొనును. ఆ లెక్క సరిగానే యుండును. కాని చివరి ఆయకట్టులోని మడి తడిసినదా లేదా అనునది ఆ కొలబద్ద చెప్పదు. పోయి మడిలో కాలుపెట్టి చూడవలెను. ధమనిలోని పోటు తూమువద్ద కొలబద్ద. మెదడు చివరి మడి. హైదరాబాదువారు కొలబద్దను ఎవరును చూడనంత శ్రద్ధగా చూచిరి. మడిలోనికి దిగుటకు నాడు లోకమున ఎవరియొద్దను సాధనము లేదు.

రక్తము ఎక్కువగా పోయిన శరీరములో ఈ తేడా మరింత బయలుపడును. పెద్దవానియందు సుమారు 5 లీటర్ల రక్తముండును. అందు ఏడవవంతు పోయినను నాడిలో పెద్ద మార్పు కనబడకపోవచ్చును. మూడవవంతుదాక పోవువరకు పోటును శరీరము ఏదోవిధముగ నిలబెట్టుకొనును. ఎట్లనగా, నీళ్లు చాలని యేడు కాలువవారు వంతులు పెట్టినట్లు, చర్మమునకు, ప్రేగులకు, కండలకు పోవు నాళములను బిగించి, ఉన్న రక్తమును గుండెకును మెదడునకును మళ్లించును. గాయపడినవాని చేతులు చల్లబడి మేను పాలిపోవుట ఇందుచేతనే. శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. అయినను అది శరీరము వాడుకొను ప్రాణవాయువులో అయిదవవంతును తినివేయును, నిలువచేసికొను కొట్టు మాత్రము దానికి లేదు. దానికి రక్తము పూర్తిగా ఆగినచో పది సెకనులలో తెలివి తప్పును. నాలుగైదు నిమిషములు దాటినచో తిరిగిరాని హాని కలుగును. ఆదివారపు అంగడిలో మేకను కోయుట చూచినవారు ఎరుగుదురు. అది క్షణములలో తెలివి తప్పును. పిమ్మటను కొన్నిసారులు నోరు తెరచి ఊపిరికై ఎగబీల్చును. ఊపిరి ఆగిన తరువాతను గుండె కొంతసేపు కదలుచునే యుండును. ఊపిరిని నడపు స్థానము మెదడు అడుగుభాగమున నున్నది గనుక, మెదడు ప్రాణవాయువులేక చచ్చినచో ఊపిరి ముందాగును, గుండె పిమ్మట ఆగును. లారీగారు కుక్కలయందు మరల మరల చూచినది ఈ వరుసనే. ఆయన చూచినది అబద్ధము కాదు. ఎల్లప్పుడును వరుస ఇదేయనుట మాత్రము తప్పు.

ఆ తప్పును చూపినవారు త్వరలోనే లేచిరి. అబర్డీనులో మక్విలియముగారు పిల్లులపై పరీక్షించి క్లోరోఫారమువలన గుండె సాగి వదులగుట కన్నులార చూచిరి. 1893లో కేంబ్రిడ్జివారగు గాస్కెలు, షోరు అను ఇద్దరు ఒక యుక్తిగల పరీక్ష చేసిరి. ఒక జంతువు మెదడునకు వేరొక జంతువు రక్తము పోవునట్లు నాళములను కలిపి, మందు మెదడునకు చేరినపుడు ఏమగును, గుండెకు చేరినపుడు ఏమగును అని రెండింటిని వేరుపరచిరి. గుండెకు చేరినపుడే పోటు పడిపోయెను. అంతేకాదు, హైదరాబాదువారు అచ్చువేసిన గీతలనే మరల చదివి, గుండె బలహీనత ఆ గీతలలోనే యున్నదని విమర్శించిరి.

ఇచ్చట లారీగారిని మేము పూర్తిగా మెచ్చజాలము. ఆయన వెనుకకు తగ్గలేదు. తానును అట్టి పరీక్షలు చేయించి ప్రత్యుత్తరములు వ్రాసిరి. తన చేతిక్రింద వేలకొలది రోగులు క్షేమముగా లేచిపోవుటనే చివరి సాక్ష్యముగా చూపిరి. మేము ఇరువదియేండ్లుగా బల్లముందు నిలిచి పాఠములు చెప్పుచున్నాము. మన గురువు చెప్పినదియు, మనము వందలమందికి చెప్పినదియు తప్పని ఒకనాడు తరగతిగదిలో ఒప్పుకొనుట యెంత కష్టమో మాకు తెలియును. ఒకసారి మేము నల్లబల్లపై వ్రాసిన లెక్కను తొమ్మిదవ తరగతి బాలిక తప్పని చూపగా, సరిదిద్దుటకు మేము తీసికొన్న కాలము న్యాయముగా కావలసినదానికంటె ఎక్కువే. కాని ఆ లెక్క తప్పయినందున ఎవరికిని హాని కలుగలేదు. గుండెకు భయములేదను ధైర్యముతో ఎక్కడెక్కడనో వైద్యులు క్లోరోఫారమును వాడుచుండగా, లారీగారి శిష్యులంతటి జాగ్రత్త లేనిచోట్ల ఆ ధైర్యము ప్రాణాంతకము కావచ్చును.

లారీగారు 1901లో హైదరాబాదు విడిచిరి. ఆ సంవత్సరముననే క్లోరోఫారమును గూర్చి విద్యార్థులకొరకు ఆయన వ్రాసిన పుస్తకము లండనులో అచ్చయ్యెను. అందును పాతమాటయే. పదేండ్లకు, 1911లో, లీవీగారు పిల్లులపై పరీక్షలు చేసి, అసలు రహస్యమును బయటపెట్టిరి. మందు మితిమీరినపుడు కాదు, మత్తు ఇంకను పైపైన ఉన్నపుడు, భయము చేతనో పెనుగులాట చేతనో ప్రాణి కలతచెందినపుడు, గుండె ఒక్కసారిగా క్రమము తప్పి, ముడతలు కదలినట్లు అల్లలాడి, రక్తమును నెట్టజాలక ఆగిపోవును. ఊపిరి అప్పటికింకను సాగుచునే యుండవచ్చును. గోరు తీయించుకొనుటకు కూర్చున్న పదునైదేండ్ల హన్నా గ్రీనరునకు సంభవించినది ఇదియేయని నేడు పలువురు వైద్యులు తలచుదురు. అరువదిమూడేండ్ల ప్రశ్నకు అప్పటికి సమాధానము దొరకెను.

ఈ చరిత్రమంతటిలో మా మనస్సును కలతపెట్టునది ఆ 490 ప్రాణులు. మూగజీవులను ఇట్లు చంపవచ్చునా యని బాలురు అడుగకపోయిన మేమే ఆశ్చర్యపడియుందుము. ఇంగ్లండులో 1876 నాటికే అనుమతిపత్రము లేక జంతువులపై పరీక్షలు చేయరాదను చట్టము కలదు. అది ఇచ్చట వర్తింపలేదు. మన దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. నేడు ఇట్టి పరీక్షకు సంఘముయొక్క అనుమతి కావలెను, నొప్పి తెలియకుండ మత్తీయవలెను, ప్రాణుల సంఖ్యకు కారణము చూపవలెను. నిజాముగారి ధనమును, కుక్కల ప్రాణములను వృథా చేసిరని కొందరందురు. మేమట్లనము. లెక్కను తప్పుగా చదివినను, గీతలను దాచక అచ్చువేసిరి గనుకనే ఇతరులు వానిని సరిగా చదువగలిగిరి. కాని ఒక ప్రాణిని చంపి వ్రాసికొన్న గీతను మనకిష్టమైనట్లు మాత్రమే చదువుట, ఆ ప్రాణికి రెండవసారి అన్యాయము చేయుటయే.

మడిలోనికి దిగు సాధనములు పిమ్మట ఒక్కొక్కటిగా వచ్చినవి. 1940 తరువాత అమెరికాలో కెటీ, ష్మిడ్టు అనువారు మనుష్యుని మెదడులో నిమిషమునకెంత రక్తము పారునో కొలుచు ఉపాయము కనిపెట్టిరి. 1950 తరువాత క్లార్కుగారు రక్తములోని ప్రాణవాయువును తెలుపు చిన్న విద్యుత్తుములుకు చేసిరి. అట్టి సన్నని ములుకులను నేడు మెదడుకండలోనే యుంచవచ్చును. 1977లో యబ్సిసుగారు పిల్లి తలపై కంటికి కనబడని ఎఱ్ఱదాపు వెలుగును ప్రసరింపజేసి, ఎముకను తొలువకయే మెదడులోని ప్రాణవాయువును కనిపెట్టవచ్చునని చూపిరి. హేల్సు పాదిరి గుఱ్ఱమునకు చేసినట్లే నేటి పరిశోధకులును మత్తిచ్చిన పందులనుండి కొలతప్రకారము రక్తము తీయుదురు. అయితే పోటుతోపాటు మెదడులోని ప్రాణవాయువునుగూడ క్షణక్షణము చూచుచుందురు. ఎంత రక్తము పోయినపుడు మెదడు ఆకలిగొనును, తిరిగి ఏమి ఎక్కించిన దాని ఆకలి తీరును అనునవే వారి ప్రశ్నలు. ఉప్పునీరు ఎక్కించినచో పోటు లేచును. కాని ప్రాణవాయువును మోయు ఎఱ్ఱకణములు ఉప్పునీటిలో లేవు గదా. తూమువద్ద కొలబద్ద నిండుగా కనబడి, మడి ఎండిపోవు ప్రమాదము మరల ఇచ్చటనే కలదు.

2020, 2021 సంవత్సరముల కరోనాకాలమున వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు మన గ్రామములకును వచ్చినది. ఇంటింట దానిలో 98 అని చూచి ఊరట చెందితిమి. ఊపిరితిత్తుల జబ్బునకు అది మంచి తోడు. కాని రోడ్డుప్రమాదమున రక్తము కారుచున్నవాని వ్రేలికి దానిని తగిలించి, అంకె బాగుగానున్నదని ఆలస్యము చేయుట తగదు. వ్రేలిలో మిగిలిన రక్తము ప్రాణవాయువుతో నిండియే యుండవచ్చును. ఆ రక్తమెంత మిగిలినదో, మెదడునకెంత చేరుచున్నదో ఆ అంకె చెప్పదు. గాయమును శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, వానిని పరుండబెట్టి, ఊపిరి ఆడుచున్నదా యని చూచుచు, వెంటనే 108 బండిని పిలువవలెను. ఊపిరిని చూచుచుండుడను మాట లారీగారిదే. అది నేటికిని చెల్లును.

క్లోరోఫారమును మత్తుకొరకు నేడు వాడరు. అఫ్జలుగంజు ఆసుపత్రిని 1908 నాటి మూసీవరద పాడుచేసెను. తరువాత ఆ ప్రాంతముననే ఉస్మానియా ఆసుపత్రి లేచెను. ఆనాటి వైద్యపాఠశాలయే ఉస్మానియా వైద్యకళాశాలగా పెరిగినది. లీవీగారి నిర్ణయము వెలువడునాటికి లారీగారు అరువదియైదేండ్ల వృద్ధులు. 1915లో ఆయన మరణించిరి. అప్పటికి హైదరాబాదు ఆసుపత్రులలో రూపాబాయిగారు ఇంకను రోగుల తలకడ కూర్చుండి, వారి ఊపిరిని చూచుచు, మత్తిచ్చుచుండిరి.